గోత్రమడిగే మత్తు డాక్టరమ్మ

మొన్న పిత్తాశయంలో రాళ్లు తీయించుకోవడానికి సూర్యాపేట దవాఖానలో చేరితే, నా మనవరాలి ఈడున్న మత్తు డాక్టరమ్మ ఒకామె వచ్చి, నా వేలి కొన గుచ్చి, ఒక్క బొట్టు రక్తం తీసి వేలెడంత కాగితపు పట్టీ ఒక చివర అద్ది, రెండో చివర నీలంగా మారితే మత్తులో వాడే మందులన్నీ మీకు పడతాయి, తెల్లగానే ఉండిపోతే ఒక మందు మాత్రం పడదు అని, జీవితమంతా అదే పని చేసిన నాకు ఓపికగా వివరించింది. నేనూ ఒకప్పుడు మత్తు డాక్టరునే అని ఆమెకు తెలియదు, నేనూ చెప్పలేదు. అక్కడితో ఊరుకున్నా బాగుండేది. పట్టీ ఆరేదాకా మాట కలుపుదామని కాబోలు, దీన్ని కనిపెట్టినామె మన మిర్యాలగూడ బిడ్డేనట మేడం, మీకు ఎరుకేనా అని అడిగింది. ఎరుకే అన్నాను. ఎరుక లేకేం, ఆమె మా ఆడబిడ్డ. పట్టీ కొసన పేటెంటు నంబరు సన్నటి అక్షరాల్లో అచ్చయి ఉంటుంది, అప్పటికే నా కండ్లద్దాలు తీసి పక్కన పెట్టారు గనుక దాన్ని చదివే బాధ ఆ పూటకు తప్పింది.

మీరంతా నా ఈడువాళ్లే కనుక దాపరికం లేకుండా చెబుతున్నాను, ఓర్వలేనితనం మోకాళ్ల నొప్పి వంటిది, వయసు మీదపడ్డకొద్దీ పెరిగేదే గాని తగ్గేది కాదు. ఆడబిడ్డ అర్ధమొగుడు అన్నారు పెద్దలు. నా విషయంలో ఆ లెక్క కూడా తప్పింది, మా ఆయనను తలచుకొని నేను తిండి మానేసిన పూట ఒక్కటీ లేదు, ఈమెను తలచుకొని మానేసిన పూటలు మాత్రం బాగానే ఉన్నాయి.

మాది మేనరికం. మా నాన్న అక్కే మా అత్త. వాళ్లకు మిర్యాలగూడలో రైస్‌మిల్లు, మాకు హుజూర్‌నగర్‌లో ధాన్యం దుకాణం, సెలవులొస్తే చాలు నేను మేనత్త ఇంట్లోనే ఉండేదాన్ని. ఉడికిన వడ్లు ఆరబోసిన మిల్లు వాకిట్లో, ఆ వేడి ఆవిరి వాసనలో, వడ్ల మీద వేలు పట్టి ఆడబిడ్డకు అక్షరాలు దిద్దించింది నేనే. నేను నేర్పిన అక్షరాలతోనే ఆమె నన్ను దాటిపోయింది. మా ఇండ్లల్లో డాక్టరు చదువు చదివిన మొదటి ఆడపిల్లను నేను, ఆ సీటు వచ్చినప్పుడు మా అత్త మిల్లు హమాలీలందరికీ లడ్లు పంచింది. కొన్నేండ్లకు తన బిడ్డకు నాకంటే మంచి ర్యాంకుతో సీటు వస్తే లడ్లతో పాటు కారప్పూస కూడా పంచింది. ఆ కారప్పూస నాకు ఇప్పటికీ గుర్తుంది.

నేను మత్తు డిప్లొమా చేసి, ఊయలనాడే కుదిరిపోయిన సంబంధమే చేసుకొని మిర్యాలగూడలో దిగిపోయాను. అప్పట్లో ఈ చుట్టుపక్కల నర్సింగ్‌హోములకు మత్తు డాక్టర్లు తక్కువ, ఒక తోలు సంచిలో మందులూ గొట్టాలూ రబ్బరు సంచీ పెట్టుకొని, పొద్దున సూర్యాపేట, మధ్యాహ్నం కోదాడ, వచ్చేటప్పుడు హుజూర్‌నగర్ అంటూ బస్సుల్లో తిరిగేదాన్ని. సూర్యాపేట పేషెంటు "నొప్పి వెడ్తదా డాక్టరమ్మా" అనేది, కోదాడ పోయేసరికి అదే మాట "నొప్పి పుడుతుందా అండీ" అయిపోయేది, రెంటికీ నేను చెప్పే అబద్ధం ఒకటే. మా పనిలో ఒక చిక్కు ఉంది, కోసిన డాక్టరుకు దండం పెడతారు, పటం కట్టినంత పని చేస్తారు, మత్తిచ్చిన మనిషి మాత్రం వాళ్లకు మెలకువ వచ్చేసరికి బస్సు ఎక్కేసి ఉంటుంది. నా మొహం గుర్తుపెట్టుకున్న పేషెంటు నా సర్వీసులో చాలా అరుదు. ఆడబిడ్డ మాత్రం హైదరాబాదులోనే ఉండి ఇంకా ఇంకా చదివింది.

ఆమె ఇంకా మెడికల్ కాలేజీలో చదువుతుండగా, సెలవులకు వచ్చినప్పుడు జరిగింది ఇది. మా అత్త నోటికి మిల్లంతా భయపడేది. అటువంటి అత్త ఒక మధ్యాహ్నం అన్నం తిని పెద్దగా ఆవులిస్తే దవడ జారిపోయి, తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయింది. మా ఆయన కాసేపటి దాకా, అమ్మ ఇవ్వాళ ఎవ్వరినీ ఏమీ అనడం లేదేమిటా అని సంతోషపడ్డాడట. నర్సింగ్‌హోముకు తీసుకుపోతే సర్జను బొటనవేళ్లు పెట్టి ఎంత నొక్కినా, కండరాలు బిగుసుకుపోయి దవడ కూర్చోలేదు. కొంచెం మత్తిచ్చి, కండరాలు సడలే మందు ఒక్కటి వేస్తే చిటికెలో పని అయిపోతుందన్నాడు. నేనే ఇచ్చాను. ఊళ్లో ఇంకెవరున్నారు? దవడ టక్కున కూర్చుంది. అందరం నవ్వుకున్నాం. చాయ్ తాగేంతలో ఆ మందు దిగిపోవాలి, అత్త ఊపిరి తానే తీసుకోవాలి. తీసుకోలేదు.

ఇప్పటిలాగా ఊపిరాడించే మిషన్లు అప్పుడు మా దగ్గర లేవు. గొంతులో గొట్టం, దానికి నల్లటి రబ్బరు సంచి, దాన్ని నొక్కడానికి నా చేయి, అంతే. నొక్కితే అత్త రొమ్ము లేస్తుంది, వదిలితే పడుతుంది, నేను ఆపితే అత్త ఆగిపోతుంది. స్టూలు మీద కూర్చొని నొక్కుతూనే ఉన్నాను. ఆడబిడ్డ తన తల్లి నాడి పట్టుకొని నిలబడి, ఆ సాయంత్రమంతా ఒక్కటే మాట అన్నది, ఎందుకు వదినా, ఎందుకిట్లయింది అని. నా చేతులు తిమ్మిరెక్కాయి, కాసేపు నువ్వు నొక్కు అన్నాను నేను. ఇప్పుడు తలచుకుంటే మా ఇద్దరి బతుకులూ ఆ రెండు మాటల దగ్గరే విడిపోయాయనిపిస్తుంది. ఆమెకు ఎందుకన్నది కావాలి, నాకు ఆ ఊపిరి ఆగకపోతే చాలు. పొద్దుగూకే వేళ, మిల్లులో కూలీలు దిగే కూత వినపడ్డాక, అత్త కాలి బొటనవేలు కదిలింది. తర్వాత ఊపిరి తానే తీసింది. గొట్టం తీయగానే మొట్టమొదట అన్న మాట, "అందరు గల్సి నా నోరు మూయించిన్రు గదా" అని. అందరూ పడీ పడీ నవ్వారు, నేను పక్క గదిలోకి పోయి వెక్కి వెక్కి ఏడ్చాను.

తర్వాత ఒక సీనియరును అడిగితే చెప్పాడు, ఆ మందును రక్తంలో ఒక ఎంజైమ్ విరగ్గొట్టాలనీ, మా షావుకారు ఇండ్లల్లో కొందరికి తల్లివైపు నుంచీ తండ్రివైపు నుంచీ వచ్చిన జన్యువులోనే తేడా ఉండి ఆ ఎంజైమ్ పనిచెయ్యదనీ, మేనరికాలతో అది ఇంట్లోంచి ఇంట్లోకే తిరుగుతుందనీ. ఇక ఆ రోజు నుంచి మత్తిచ్చే ముందు ప్రతి పేషెంటునూ ఇంటిపేరు, గోత్రం అడగడం మొదలుపెట్టాను. మావాళ్లని తేలితే ఆ మందు ముట్టుకునేదాన్నే కాదు. కోదాడలో ఒక పెద్దమనిషి హెర్నియా ఆపరేషనుకు వచ్చి, నేను గోత్రం అడగగానే పొంగిపోయి, కుట్లు తీయించుకునే రోజుకు కొడుకు జాతకం కూడా వెంట తెచ్చాడు. గోత్రమడిగే మత్తు డాక్టరమ్మ అని నాకు పేరు పడిపోయింది. ఎన్ని నవ్వులపాలైనా సరే, నా చేతిలో మళ్లీ ఎవ్వరూ అట్లా ఆగిపోలేదు, నాకది చాలుననుకున్నాను.

ఆడబిడ్డకు చాలలేదు. డాక్టరయ్యాక ప్రాక్టీసు పెట్టకుండా జన్యువుల పరిశోధనలో పడింది. మిర్యాలగూడలో మా బంధువుల పెండ్లికి వచ్చి, భోజనాలకు ముందే చుట్టాలందరినీ వరసగా నిలబెట్టి రక్తాలు తీసుకున్నది, పట్టుచీర కుచ్చిళ్లు దోపుకొని అందరి జబ్బలకూ రబ్బరు తాడు కట్టింది నేను. ఏండ్ల తర్వాత పేటెంట్లు రావడం మొదలైంది. బుగ్గ లోపల దూదిపుల్ల రాసి ఆ జన్యువులో తేడా ఉందో లేదో చెప్పే పద్ధతి ఒకటి, తర్వాత ఈ కాగితపు పట్టీ, ఆ తర్వాత రక్తంలో లేని ఎంజైమ్‌ను సూదితో ఎక్కించి ఆగిన ఊపిరిని తిరిగి తెప్పించే మందు. మూడు పత్రాలూ పటాలు కట్టి వాళ్ల హాల్లో పెట్టింది. ఆ ఇంటికి పోతే వాటికి వీపు పెట్టే కుర్చీ చూసుకొని కూర్చునేదాన్ని.

పట్టీ వచ్చాక గోత్రమెవరు అడుగుతారు? నా ఉపాయాన్ని చెత్తబుట్టలో వేసినట్టే అయింది. పైగా ఒక సాయంత్రం ఆడబిడ్డ ఫోను చేసి, పేటెంటు కాగితాల్లో నీ పేరు కూడా పెట్టమని లాయరుకు చెప్పిన వదినా, మీ వదిన ఏం కనిపెట్టిందని అడిగిండు, గోత్రం అడగాలని కనిపెట్టింది అంటే, ఆ పని ప్రతి పంతులూ చేస్తడు గదా అని నవ్విండు అని, నొచ్చుకుంటూనే చెప్పింది. నేనూ ఫోనులో గట్టిగా నవ్వాను. ఆ పూట అన్నం తినలేదు. అత్తను బతికించిన చేయి నాది, ఆలోచన మాత్రం ఆమెది, కాగితానికి ఆలోచనే కావాలట.

అయితే నాకూ ఒక బహుమానం ఉంది. పట్టీ సంగతి పేపర్లో పడ్డ రోజు చుట్టాలంతా స్వీట్లు పట్టుకొని మా ఇంటికొచ్చారు. ఆడబిడ్డ తన తల్లి పక్కనే కూర్చొని ఉంది. అప్పటికి అత్తకు చెవులు మందగించాయి, మంచం పట్టింది, నీళ్లుపోయడం దగ్గర్నుంచి అన్నీ నేనే. నీ బిడ్డ కనిపెట్టిందట గదా, పేపర్ల ఏసిన్రు అని ఎవరో చెవిలో అరిచి చెప్తే, అత్త మొహం చిట్లించి, "అదేడ కనిపెట్టింది, అది పట్నంల ఉండె. నన్ను కనిపెట్టుకోని ఉన్నది నా కోడలు" అన్నది. ఇంటిల్లిపాదీ నవ్వింది. ఆడబిడ్డ కూడా నవ్వింది గానీ, చేతిలో లడ్డూ అట్లాగే ఉండిపోయింది. నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను. కనిపెట్టడం ఆమెది కావచ్చు, కనిపెట్టుకొని ఉండడం నాది. మూడు పటాలకు అదొక్కటే నా సమాధానం.

అత్త పోయాక అస్థికలు కలపడానికి వాడపల్లి పోయాం. మూసీ వచ్చి కృష్ణలో కలిసేచోట మోకాలిలోతు నీళ్లల్లో నిలబడి ఆడబిడ్డ మెల్లగా, "అమ్మ నన్ను ఆ మాట ఒక్కసారి గూడ అనలే వదినా" అన్నది. ఏ మాట అని నేను అడగలేదు. అడగాల్సిన పని లేదు. కానీ తెలియనట్టే నీళ్లకేసి చూస్తూ నిలబడ్డాను, ఉన్న ఒక్కటీ పంచుకోవడానికి నాకు మనసొప్పలేదు.

పట్టీ దగ్గరికి వస్తాను. అది ఎంతసేపు చూసినా తెల్లగానే ఉంది. మీకు ఆ మందు పడదు మేడం, మంచిదయింది ముందే చూసినం అన్నది ఆ పిల్ల. ఎన్ని వందలమందినో గోత్రం అడిగిన నేను, నా సంగతి ఎన్నడూ చూసుకోలేదు, పెండ్లిలోనూ తాడు కట్టడమే గాని నేను రక్తం ఇవ్వలేదు, రెండు కాన్పులూ మామూలుగా అయ్యాయి, మత్తు అవసరం పడలేదు. అత్త రక్తమే నాదీ. నా ఒంట్లో ఏముందో కూడా ఈమే కనిపెట్టాలా అని కడుపు రగిలిపోయింది, ఆ వెంటనే భయమూ వేసింది, ఆ పట్టీ లేకుంటే ఎవరు కూర్చొని నొక్కేవాళ్లు నాకు?

వేరే మందుతో ఆపరేషను సాఫీగా అయిపోయింది. కండ్లు తెరిచేసరికి నా రొమ్ము మీద ఒక చేయి ఉంది, ఊపిరితో పాటు లేస్తూ పడుతూ. ఆడబిడ్డ. ఎవరు చెప్పారో, హైదరాబాదు నుంచి వచ్చేసింది. తలంతా నెరిసిపోయింది, నేను గమనించనే లేదు. నెత్తి మీద మిషను నా ఊపిరినీ గుండెనూ లెక్క చూస్తూనే ఉంది, పక్కన ఆమె పట్టీ చెప్పాల్సింది చెప్పింది, అయినా ఆపరేషన్ గది బయటికి తెచ్చినప్పటి నుంచి చేయి తీయలేదని మా ఆయన అన్నాడు. మిషన్ సూస్తున్నది గదా, నువ్వెందుకు అన్నాను. కూసోబుద్ధయింది వదినా అన్నది, అంతే. నా కోసం ఎవరైనా అట్లా కూర్చుంటారని నేను అనుకోలేదు.

ఇంటికి పంపే రోజు మత్తు డాక్టరమ్మ వచ్చింది. ఆడబిడ్డ మంచం కింద నా చెప్పులు వెతుకుతోంది. ఈమె ఎవరు మేడం అని అడిగింది ఆ పిల్ల. గొంతులోకి వచ్చిన మాటను మింగేద్దామనే చూశాను, నా ఒక్కగానొక్క ఆస్తి అది. ఏమైందో, "మా ఆడబిడ్డ. ఈ నాలుగొద్దులు నన్ను కనిపెట్టుకోని ఉన్నది" అనేశాను. ఆ పిల్ల కనిపెట్టడమన్న ముక్క ఒక్కటే పట్టుకొని, కండ్లు పెద్దవి చేసి, అయ్యో, పట్టీ కనిపెట్టింది ఈ మేడమేనా, ముందే చెప్పకపోతిరి అని ఆమె చేతులు పట్టుకొని ఫోటో దిగింది. ఆడబిడ్డ సరిదిద్దలేదు. ఫోటో అయ్యాక వంగి నా కాళ్లకు చెప్పులు తొడుగుతూ చాలాసేపు తల ఎత్తలేదు.

ఇప్పటి పిల్లలకు కనిపెట్టడం అంటే ఒకటే అర్థం, వాళ్ల తప్పేం లేదు, అన్నిటినీ మిషన్లు చూస్తుంటే మనిషి కూర్చోవాల్సిన పని ఏముంది. ఆ గదిలో ఆ మాట రెండో అర్థం తెలిసినవాళ్లం మేమిద్దరమే. అందులోనూ సగం ఆమెకు ఇచ్చేశాను, ఇచ్చినందుకు ఇంకా కొంచెం కడుపు మండుతూనే ఉంది.