బొటనవేళ్ల రాజరత్నం గారు

రాజరత్నం గారు మనుషుల మొహాలు చూడరు. బొటనవేళ్లు చూస్తారు.

రాజమండ్రిలో దేవీచౌక్ నుంచి కోటిపల్లి బస్టాండు దాకా ఆయన్ని ఎరగనివాళ్లు లేరు. ఆయన మాత్రం ఎదురుగా నిలబడి నమస్కారం పెట్టిన మనిషిని కూడా గుర్తుపట్టరు. ఆ మనిషి విసిగిపోయి, జేబులోంచి ఫోను తీసి, వేలితో రెండుసార్లు పైకీ కిందకీ జరిపాడంటే అప్పుడు, "ఓహో, వీరాస్వామి గారా. చిక్కిపోయారేంటండి?" అంటారు. చిక్కింది మనిషో వేలో అడిగే ధైర్యం ఇంతవరకూ ఎవరూ చెయ్యలేదు.

ఆయన వృత్తి వెబ్‌సైట్లు తయారుచేయడం. అంతకుముందు ఇరవై ఏళ్లు కొట్లకి బోర్డులు రాశారు. ఫ్లెక్సీలొచ్చి కుంచెల్ని మింగేశాక, నలభై ఏళ్ల వయసులో కంప్యూటరు నేర్చుకుని, దానవాయిపేటలో ఒక టిఫిన్ హోటలు మేడ మీద రెండు గదులు అద్దెకి తీసుకున్నారు. ఆ గదుల్లో కన్నా బయటే ఎక్కువ ఉంటారు. సైటు సగం తయారవగానే ఫోన్లో వేసుకుని వీధిలోకి వెళ్లి, కనపడ్డ మొదటి మనిషి చేతిలో పెడతారు.

"ఒక్క నిమిషం అండి. ఇందులో పళ్ల డాక్టరు గారు సాయంత్రం ఎన్నింటికి వస్తారో చూసి చెప్తారా?"

"నాకు పళ్లనొప్పి లేదండి."

"ఉందనుకోండి."

ఆ మనిషి వెతుకుతుంటే ఈయన మెడ వంచి, కంసాలి నగ చూసినట్టు ఆ వేలినే చూస్తూ ఉంటారు. వేలు ఎక్కడ ఆగింది, ఎక్కడ తడబడింది, ఎక్కడ విసుక్కుంది, అంతా చిన్న పుస్తకంలో రాసుకుంటారు. చెప్పిన జవాబు మాత్రం వినరు. బ్యాంకు లైన్లో, క్షౌరశాలలో, లూథరన్ చర్చి మెట్ల మీద, ఆఖరికి ఒక సంతాప సభలో కూడా ఈ పని చేశారు. పోయినాయన బావమరిది ఒక పక్క కళ్లు తుడుచుకుంటూనే నాలుగు సెకన్లలో పళ్ల డాక్టరు టైము పట్టేశాడు. "ఇంత దుఃఖంలో నాలుగు సెకన్లంటే సైటు బాగా వచ్చినట్టే" అని పక్కవాళ్లతో అన్నారు రాజరత్నం గారు. తర్వాత ఆ ఇంటివాళ్లు రెండేళ్లు మాట్లాడలేదు. ఆయన గమనించలేదు.

"పెళ్లిచూపులకి వచ్చి నా మొహం చూస్తే ఒట్టమ్మా" అని ఆయన భార్య ప్రిస్కిల్లా గారు కొత్తగా పనిలో చేరిన క్రిస్టినాకి మొదటిరోజే చెప్పారు. "కాఫీ గ్లాసు నేనెలా పట్టుకున్నానో చూసి ఒప్పుకున్నారు. పెళ్లయిన వారానికి బజార్లో ఎదురుపడితే, నమస్కారమండీ అనేసి వెళ్లిపోయారు."

క్రిస్టినాది తణుకు. ఇంజనీరింగు చదివి, డిజైను మీద ఇష్టంతో ఇక్కడ చేరింది. ఇంటర్వ్యూలో రాజరత్నం గారు ఆమె సర్టిఫికెట్లు ముట్టుకోలేదు. ఫోను చేతికిచ్చి తుని వెళ్లే రైలు ఎన్నింటికో చూడమన్నారు. ఆమె చూసి చెప్పేలోగా, "తొందరెక్కువ. అయినా తప్పు నొక్కితే వెనక్కి రావడం తెలుసు. రేపు రామ్మా" అన్నారు.

అసలు సంగతి ప్రిస్కిల్లా గారు చెప్పారు. క్రిస్టినాని తీసుకున్నది కడియం భీమరాజు గారి నర్సరీ సైటు కోసం. వచ్చే వారం శుక్రవారం నాటికి అది ఆయనకి నచ్చితే ఈ ఉద్యోగం ఖాయం. నచ్చకపోతే ఇద్దరికి సరిపడే పని ఇక్కడ లేదు. తణుకు వెళ్లిపోవడమే.

"ఆయనకి నచ్చుతుందాండి?" అంది క్రిస్టినా.

"ఇప్పటికి మూడు కంపెనీలని పంపించేశారమ్మా. ముగ్గురికీ ఒకటే మాట. అందం లేదండి అని."

ఇక క్రిస్టినాకి దారి దొరికినట్టే అనిపించింది. అందమే కదా కావాలి. రెండు రోజులు కూర్చుని ప్రపంచంలో బహుమతులు గెలిచిన సైట్లన్నీ చూసింది. మూడోరోజుకి తనదైన ఒకటి తయారుచేసింది. తెర నిండా ఒక మొక్క. కింద నల్ల కవరు, పైన ఒకే ఒక్క మొగ్గ. ఆ మొగ్గని నొక్కితే రేకులు ఒక్కొక్కటే విచ్చుకుని ఆర్డరు పేజీ తెరుచుకుంటుంది. తనే నలభైసార్లు నొక్కి చూసుకుని మురిసిపోయింది.

"బావుందమ్మా. ఎక్కడ చూశావు?" అన్నారు రాజరత్నం గారు.

"స్వీడన్ వాళ్ల సైటొకటి చూస్తుంటే తట్టింది సార్."

"స్వీడన్‌లో మామిడంట్లు కడతారా?"

"తెలీదు సార్."

"నాకూ తెలీదు. కడియంలో కడతారు. పద."

కాలవ గట్టు మీద షేర్ ఆటో ఎక్కారు. రోడ్డు గురించి గొప్పగా చెప్పుకోడానికేమీ లేదు. గుంత వచ్చినప్పుడల్లా ఆటోలో ఉన్న తొమ్మిదిమందీ ఒక్కసారి లేచి కూర్చుంటున్నారు. రాజరత్నం గారు ఫోను క్రిస్టినా చేతిలో పెట్టారు.

"ఇప్పుడు నొక్కి చూడు."

నొక్కింది. వేలు మొగ్గ పక్కన పడింది. మళ్లీ నొక్కింది. మూడుసార్లు పడి, మూడు పేజీలు తెరుచుకున్నాయి.

"ఇలా ఊగుతూ కూడా పనిచెయ్యాలి. మూడుసార్లు తగిలినా ఒక్కసారి కిందే లెక్క రావాలి. పొరపాటున తగిలితే, ఇదేనా మీకు కావల్సింది అని అడగాలి."

"మొక్కలు కొనేవాళ్లంతా ఆటోలో కూర్చుని కొంటారా సార్?"

"నువ్వు చెయ్యమ్మా."

"టైపు చెయ్యడం మటుకు కుదరదు సార్ ఇందులో."

"నోరుంది కదా. పేరూ ఊరూ నోటితో చెప్తే తీసుకునేలా పెట్టు."

ఆ వారమంతా ఆమెని ఆటోలోనే తిప్పారు. పొద్దున కడియం, మధ్యాహ్నం రాజమండ్రి. ఆటోవాళ్లకి ఆమె పేరు తెలిసిపోయింది. గుంత వస్తుంటే ముందే, "క్రిస్టినా గారూ, వస్తోందండి, నొక్కుకోండి" అనేవారు. నడుం పట్టేసి, ప్రిస్కిల్లా గారి దగ్గర మందు రాయించుకుంటూ ఒకరోజు అనేసింది కూడా. "ఆంటీ, సార్‌కి మతి ఉండే ఇలా చేస్తున్నారంటారా?"

"ముప్పై ఏళ్లుగా నేనూ అదే చూస్తున్నానమ్మా" అన్నారు ఆవిడ.

మొదటిరోజు నర్సరీలో దిగగానే రాజరత్నం గారు రోడ్డు పక్కన ఒకచోట నిలబడిపోయారు. పది నిమిషాలైనా కదల్లేదు.

"ఏం చూస్తున్నాం సార్?"

"బోర్డులు రాసే రోజుల్నుంచి నేను డిజైను నేర్చుకునేది ఇక్కడే. ముందు వరసలో ఏమున్నాయి?"

"కాగితం పూలు."

"రోజుకి ఎన్ని అమ్ముతారనుకున్నావు? ఎక్కువేమీ పోవు. హైవే మీద పోయే లారీవాడు ఆ రంగు చూసి బ్రేకు వెయ్యాలి, అందుకు పెట్టారు. ఆగాక లోపలికొస్తాడు. బతుకుతెరువంతా వెనకాల ఆ పచ్చటి మామిడంట్లలో ఉంది. ఇప్పుడు దారి చూడు. రెండు బుట్టలు ఎత్తుకున్న మనిషి ఎదురొస్తే ఇంకో మనిషి పక్కకి తప్పుకునేంత. అంతకి ఒక్క జానెడు ఎక్కువ లేదు."

క్రిస్టినా చూసింది. పొట్టి మొక్కలు ముందు, పొడుగువి వెనక. నీళ్ల గొట్టం ప్రతి వరసకీ అందేచోట ఉంది. కంటికి ఎక్కడ హాయిగా ఉందో సరిగ్గా అక్కడే మనిషి వంగి పని చేసుకుంటున్నాడు. ఎకరాల పొడుగునా అలాగే ఉంది. ఏ స్వీడన్ బహుమతి సైటూ దీనికి సాటి రాదనిపించి, ఆమె నోరు తెరుచుకుని అలాగే నిలబడిపోయింది. దోమ వెళ్లాక మూసుకుంది.

అంట్లు కట్టే ఆడవాళ్లకి పెద్ద జ్ఞానమ్మ. ఎక్కడెక్కడ ఏ మొక్కుందో ఆ తోటలో ఆమెకి తెలిసినట్టు యజమానికి కూడా తెలియదు. అందుకే సైటులో ఆర్డరు పడితే ఆమె ఫోనుకే వెళ్లేలా పెట్టారు. రాజరత్నం గారు ఫోను ఆమెకి అందించి క్రిస్టినా చెవిలో, "మొగ్గ ముట్టుకోదు. కింద కవరు పట్టుకుంటుంది, చూడు" అన్నారు.

"మొగ్గ మెరుస్తోంది కదా సార్."

"చూడు."

జ్ఞానమ్మ ఫోను దూరంగా పెట్టి చూసి, బొమ్మ బావుందంది. తర్వాత ఆమె వేలు తిన్నగా మొక్క కిందకి దిగి నల్ల కవరు మీద ఆగింది. ఏమీ జరగలేదు. మళ్లీ కవరే నొక్కింది.

అటుగా వచ్చిన ఇంకో అంట్ల కూలీ పాపాయి కూడా కవరే నొక్కింది. లోడు కోసం వచ్చిన తుని లారీ డ్రైవరు అశోక్ కూడా కవరే నొక్కాడు. ఆ పొద్దున ఎనిమిదిమందికి ఇస్తే ఎనిమిది వేళ్లూ అక్కడికే వెళ్లాయి. ప్రతిసారీ రాజరత్నం గారు ముందే చెప్పారు. కొత్త మనిషి రాగానే ఆ వేలి వంక ఒకసారి చూసి, "ఈయన రెండుసార్లు కొట్టి, ఫోను దులుపుతాడు" అంటే అలాగే దులిపాడు.

"మొగ్గెందుకు నొక్కలేదు జ్ఞానమ్మ గారూ?" అని అడిగింది క్రిస్టినా.

"మొగ్గ ముట్టుకుంటారేంటమ్మా, రాలిపోదూ?" అంది జ్ఞానమ్మ, ఇంత చదివి ఇదేం ప్రశ్న అన్నట్టు. "మొక్కని కవరు పట్టుకునే ఎత్తాలి. పనిలో చేరిన రోజే తిట్టి మరీ నేర్పుతాం."

తిరుగు ఆటోలో క్రిస్టినా ఏడుపు ఆపుకుంటూ, "మొగ్గ తీసేస్తాను సార్" అంది.

"ఎందుకమ్మా తియ్యడం? కాగితం పూలు తీసేశారా వాళ్లు? మొగ్గ చూడ్డానికి. పని కవరుకి అప్పజెప్పు."

అలాగే చేసింది. కవరు నొక్కితే పైన మొగ్గ విచ్చుకుంటుంది. మర్నాడు జ్ఞానమ్మ నొక్కి, పువ్వు విచ్చుకోవడం చూసి, పక్కనున్న పదిమందినీ కేకేసి చూపించింది.

శుక్రవారం భీమరాజు గారు నర్సరీ ఆఫీసు గదిలో కూర్చుని ఉన్నారు. తెల్ల లాల్చీ, నిండైన మనిషి. కుడిచెయ్యి లాల్చీ జేబులోనే ఉంది. గుమ్మంలో జ్ఞానమ్మ, పాపాయి, మరో నలుగురు.

"సైటులో నెమలి బొమ్మ ఉందాండి?" అన్నారు ఆయన.

"లేదండి" అన్నారు రాజరత్నం గారు.

"సన్నాయి పాట?"

"లేదండి."

"నెమలీ లేదు, సన్నాయీ లేదు. మరి అందం ఎక్కణ్ణుంచి వస్తుందండి రత్నం గారూ?"

క్రిస్టినాకి తణుకు బస్సు కళ్లముందు కనపడింది.

"మీరే ఒకసారి నొక్కి చూడండి" అన్నారు రాజరత్నం గారు.

"కళ్లజోడు తేలేదు. ఆ అమ్మాయిని నొక్కమనండి, నేను చూస్తాను."

రాజరత్నం గారు గుమ్మం వైపు తిరిగి, "జ్ఞానమ్మా, అందరికీ కాస్త టీ పెట్టించండి" అన్నారు. గుమ్మం ఖాళీ అయింది. తలుపు దగ్గరగా వేశారు. ఫోను భీమరాజు గారి చేతికివ్వకుండా బల్ల మీద పెట్టారు. పెట్టి, కిటికీ దగ్గరకి వెళ్లి, వీపు ఇటు పెట్టి బయట మందారాలు చూస్తూ నిలబడ్డారు.

క్రిస్టినా తెల్లబోయింది. సంతాప సభలో కూడా వేలు వదలని మనిషి, ఇంత ముఖ్యమైన వేలిని చూడకుండా అటు తిరిగారు. ఏం చెయ్యాలో తెలీక తనూ మందారాల వైపే తిరిగింది. కిటికీ అద్దంలో గది కనపడుతోంది.

చాలాసేపటికి భీమరాజు గారి చెయ్యి జేబులోంచి బయటికొచ్చింది. వణుకుతోంది. ఆటో గుంతలో పడ్డప్పుడు క్రిస్టినా చెయ్యి ఊగినట్టే, కాకపోతే ఆగకుండా ఊగుతోంది. బొటనవేలు కవరు మీద టకటకా నాలుగుసార్లు తగిలింది. సైటు దాన్ని ఒక్కసారి కిందే తీసుకుంది. మొగ్గ విచ్చుకుంది.

ఆయన ఇంకోటి నొక్కారు. ఇదేనా మీకు కావల్సింది అని అడిగింది. పేరు చెప్పమంది. గొంతు తగ్గించి పేరు చెప్పారు. తీసుకుంది. చెయ్యి మళ్లీ జేబులోకి వెళ్లాక రాజరత్నం గారు దగ్గి, ఇటు తిరిగారు.

"అందంగా ఉందండి" అన్నారు భీమరాజు గారు. "చాలా అందంగా ఉంది. ఎవరు చేశారు?"

"క్రిస్టినా."

"ఈ అమ్మాయిని ఎక్కడికీ పంపకండి. మా తణుకు బావమరిది రైసుమిల్లుక్కూడా చెయ్యాలి."

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో మొదటి గుంత దాటాక క్రిస్టినా అడిగింది. "మీకెప్పుడు తెలిసింది సార్?"

"ఏంటమ్మా?"

"ఆయన చెయ్యి."

"మొదటిసారి వెళ్లినప్పుడు టీ ఇచ్చారు. నేను తాగేశాను. ఆయన గ్లాసు చల్లారిపోయింది కానీ ఎత్తలేదు. పనివాళ్ల ముందు ఎత్తరు."

"అందం లేదని ముగ్గుర్ని పంపేసింది..."

"ఇంకేమని పంపుతారు పాపం."

"నాకు ముందే చెప్తే ఇంట్లో కూర్చునే చేసేదాన్ని కదా సార్. వారం రోజులు నడుం విరిగింది."

"ఆయన నాకే చెప్పలేదమ్మా. నేను నీకెలా చెప్తాను?"

క్రిస్టినా పక్కన కూర్చున్న ఆ మనిషిని కొంచెం భయంగానే చూసింది. ఆయన అప్పటికే ఎదురు సీట్లో నిద్రపోతున్న ముసలాయన వేలు పరిశీలిస్తున్నారు.

ఇంతలో ఆమె ఫోను మోగింది. జ్ఞానమ్మ.

"అమ్మా, మీరిటు వెళ్లగానే పెద్ద బేరం తగిలిందమ్మా. మూడొందల బంగినపల్లి అంట్లంట, రెండొందల మందారాలంట, నూరు సపోటాలంట. చదివేలోపు ఇంకోటి వస్తోంది. పదకొండయ్యాయి."

"ఎవరండీ?"

"పేరు భీమరాజని పడుతోంది. ఊరు కడియం. మన తోటలో మొక్కలు తీసి మన తోటకే పంపమంటున్నాడమ్మా, అయ్యగారి పేరు వాడుకుని పిచ్చోడెవడో. ఫోన్ చేసి ఆపమననా?"

క్రిస్టినా రాజరత్నం గారి వైపు తిరిగి చెప్పింది. ఆయన ఫోను తీసుకున్నారు.

"ఒక్క మొక్కా ఎత్తకండి జ్ఞానమ్మా. ఆయన్ని మాత్రం ఆపకండి. సాయంత్రం దాకా కొననివ్వండి."