గడ్డ చుట్టూ ఉన్నవాళ్లం

కరీంనగర్‌లో ఒక ల్యాబులో పనిచేస్తున్నప్పుడు, గడ్డల ముక్కలను పరీక్షించే డాక్టరమ్మ నన్ను పిలిచి మైక్రోస్కోపు ముందు కూర్చోబెట్టింది. అది పెద్దపేగు క్యాన్సర్ ముక్క. గడ్డను కాదు, గడ్డ చుట్టూ చూడమంది. చుట్టూ సన్నగా, పొడుగ్గా ఉన్నవి మంచి కణాలేనట. పేగుకు గాయమైతే పూడ్చడం వాటి పని. గడ్డ పక్కన చేరాక మాత్రం దానికే బలమిస్తాయట, అది పాకడానికి దారి వదులు చేస్తాయట. గడ్డ ఒక్కటే అంత దూరం పోలేదని ఆవిడ మామూలుగా చెప్పుకుపోతోంది. నాకు ఒళ్లు మండిపోయింది. నేను అలాంటివాళ్ల మధ్యే పెరిగాను.

మా బాపు నస్పూర్ దగ్గర బొగ్గుబాయిలో దిగి, బొగ్గు మోసే టబ్బులు నింపేవాడు. ఇంట్లో బట్టలుతికేది నేను. డిగ్రీ మొదటి ఏడాదిలో ఉండగా ఆయన లుంగీ మీద నెత్తురు మరకలు చూశాను. మా అమ్మకు, అవ్వ అంటాం మేం, చెప్తే మొలలు అంది, బాయిలో వేడికి అందరికీ ఉండేవేనని మజ్జిగ పోసింది. మరకలు ఆగలేదు. మళ్లీ చెప్తే మా మేనమామను పిలిపించింది. ఆయనా బాయి మనిషే, రూల్సన్నీ నోటికొచ్చు. రోగమొచ్చిందని బాపును అన్‌ఫిట్ చేస్తే ఆ నౌకరి కొడుక్కి వస్తుంది. కాని అప్పటికి కొడుక్కి పద్దెనిమిదేళ్లు నిండి ఉండాలి, లేకుంటే నౌకరి పోయినట్టే. తమ్ముడికి ఇంకా ఏడాదిన్నర తక్కువ.

"కంపెనీ పెద్ద దవాఖానకు పోతే కాయితం మీదికెక్కుతది బావా. జర ఓర్సుకో, పోరడు బతుకుతడు" అన్నాడు మామ.

బాపు ఓర్చుకున్నాడు. ఓర్చుకోవడానికి అందరూ సాయం పట్టారు. షిఫ్టులో తోటివాళ్లు తమ టబ్బులతో పాటు ఆయనవీ నింపేవాళ్లు, పైవాళ్లకు తెలియకుండా. అవ్వ జొన్న గట్కను పలచగా కాచి తాగించేది. వాడకట్టు ఆడవాళ్లు ఎవరికి తెలిసిన చెట్టుమందు వాళ్లు తెచ్చిచ్చారు. నడుము సన్నబడి ప్యాంటు జారుతుంటే బెల్టుకు కొత్త చిల్లు పొడిచింది మామే. వీళ్లలో ఒక్కరు దుర్మార్గులైనా వాళ్లను తిట్టుకుని చల్లబడేదాన్ని. అందరూ ప్రేమగానే చేశారు. ఆ ప్రేమను తలచుకుంటే ఇప్పటికీ పళ్లు కొరుకుతాను. తమ్ముడికి ఏమీ తెలియదు, అయినా వాడి మీదా కోపమే.

తమ్ముడికి పద్దెనిమిది నిండడానికి ఇంకా ఐదు నెలలు ఉన్నాయనగా బాపు డ్యూటీ నుంచి వస్తూ దారిలో పడిపోయాడు. నేను ఏడ్చి గొడవ చేస్తే కరీంనగర్‌లో ఒక ప్రైవేటు డాక్టరు దగ్గరికి తీసుకొచ్చారు. నెత్తురు ఎన్ని రోజుల నుంచి పడుతోందని డాక్టరు అడిగాడు. పది దినాలని మామ చెప్పాడు. డాక్టరు నమ్మలేదు. ఇంట్లో బట్టలెవరు ఉతుకుతారని అడిగాడు. నేనే అన్నాను.

"అయితే నువ్వు చెప్పు. ఎన్ని దినాల సంది?"

బాపు నా వైపు చూశాడు. అంత నొప్పిలోనూ ఆయన కళ్లలో భయం ఎన్నడూ చూడలేదు. ఆ పూట చూశాను, పెద్ద దవాఖానకు రాస్తే నౌకరి పోతుందన్న భయం.

"చెప్పు బిడ్డా, పది దినాలే గదా" అన్నాడు.

"పది దినాలే సార్" అన్నాను.

అలాగైతే ముందు మొలల మందు వాడమని, తగ్గకపోతే మళ్లీ రమ్మని పంపేశాడు. మేం మళ్లీ పోలేదు. తమ్ముడికి పద్దెనిమిది నిండిన వారమే మామ దగ్గరుండి బాపును పెద్ద దవాఖానలో చూపించాడు. అప్పటికే పేగులో గడ్డ కాలేయానికి పాకింది. బాపు నౌకరి వచ్చి తమ్ముడు బాయి దిగిన నెలలోనే బాపు పోయాడు.

పదో రోజున బంధువులందరి ముందు మామ, బావ ఇల్లు నిలబెట్టి పోయిండని గొప్పగా చెప్పాడు. లేచి ఆయన నోరు మూయించాలన్నంత కోపం వచ్చింది. లేవలేకపోయాను. డాక్టరు ఆయన మాట నమ్మలేదు. నా మాట నమ్మాడు.