తూర్పు గోడ అర్జీ

ఆ సోమవారం ఉదయం నడకకు వెళ్లినప్పుడు మా పేట ఫుట్‌బాల్ గ్రౌండు గేటుకు కొత్త బోర్డు వేలాడుతూ కనిపించింది. నీలం రేకు మీద తెల్ల అక్షరాలు. ఈ స్థలం కార్పొరేషన్‌కు చెందినది, అనుమతి లేనిదే లోపలికి రాకూడదు అని. దాని కింద ప్లాస్టిక్ కవరులో ఒక నోటీసు. ఈ స్థలం మీద తమకు హక్కు ఉందనుకునేవారు పదిహేను రోజుల్లో ఆధారాలతో జోనల్ ఆఫీసుకు హాజరు కావాలట. నేను దాన్ని జేబు పుస్తకంలోకి ఎక్కించుకుంటూ ఉండగా ప్రాక్టీసుకు వచ్చిన ఆడపిల్లల జట్టు నా చుట్టూ మూగింది. లోపలికి వెళ్లొచ్చా తాతగారూ అని వాళ్ల కెప్టెన్ అడిగింది. నాకు తెలియదన్నాను. యాభై ఏళ్లకు పైగా ఆ గేటులోంచి వెళ్లి వచ్చినవాణ్ని, ఆ నేల ఎవరిది అన్న ప్రశ్న ఒక్కసారి కూడా వేసుకోలేదు. ఇంటికి వచ్చి కాఫీ ముందు కూర్చున్నా అది నన్ను వదల్లేదు. బెంగ కన్నా కుతూహలమే ఎక్కువ కలిగిందని ఒప్పుకోవాలి.

కాఫీ సగంలో ఉండగానే మా బావ వచ్చారు. మా అక్క భర్త. నేను ఆయన్ని బావ అంటాను, ఆయనా నన్ను బావ అనే అంటారు. మా వైపు మగవాళ్ల మధ్య ఆ మాట ఎటైనా నడుస్తుంది. ఓడల మరమ్మతు షెడ్డులో వెల్డరుగా పనిచేసి రిటైరయ్యారు. ఒకప్పుడు మా క్లబ్బు గోల్‌కీపరు, ఆ తర్వాత ఇప్పటిదాకా సెక్రటరీ. ఆ గోల్‌పోస్టులు ఆయన చేత్తో అతికించినవే.

"ఏటి బావ, తాపీగా కాఫీ తాగతన్నావ్? అక్కడ గ్రౌండు ఎత్తుకుపోతన్నారు."

"గ్రౌండుని ఎలా ఎత్తుకుపోతారు?"

"కింద కార్లు పెడతారంట, పైన షాపులంట. నీ డైరీలు దింపు. మనం ఆడిన ప్రతి రోజూ సూపిత్తే ఒప్పుకుంతారు."

ఆయన మాటలో అర్థం ఉంది. క్లబ్బు కాగితాలన్నీ ఒక తుఫానులో గది రేకులు ఎగిరిపోయినప్పుడు తడిసి ముద్దయిపోయాయి. మిగిలినవి నా డైరీలే. ఓడరేవులో టాలీ గుమాస్తాగా చేరినప్పటి నుంచి రోజూ రాస్తున్నాను. ఓడలోంచి దిగిన బస్తాలను పగలంతా లెక్కపెట్టే మనిషికి సాయంత్రం తన రోజును కూడా అలాగే లెక్కపెట్టుకోవాలనిపిస్తుంది కాబోలు. గాలి ఎటు వీచింది, రేవులో ఏ ఓడ ఉంది, మా జట్టు ఎన్ని గోల్స్ వేసింది, ఇంతే. మా అక్కకు ఇదొక వినోదం. "నా పెళ్లి రోజున కూడా తూర్పు గాలి అని రాసుంతాడు, సూడండి" అని చుట్టాలకు చెప్పి నవ్విస్తుంది. నిజానికి ఆ రోజు దక్షిణపు గాలి.

ఆ గ్రౌండు గురించి కొంచెం చెప్పాలి. మా చిన్నప్పటి పెద్దవాళ్లు చెప్పడం ప్రకారం అది అసలు నేలే కాదు, పోటు నీళ్లు వచ్చి పోయే బాడవ. రేవును లోతు చేస్తున్నప్పుడు తవ్విన బురదను గొట్టాలతో తెచ్చి అక్కడ పోశారట. అది ఎండి, గట్టిపడి, ఎవరూ చూడకుండా గ్రౌండయింది. ఎంత చదును చేసినా ఏ మూలో ఒక గవ్వ పైకి లేచేది. అందుకే ఆ రోజుల్లో మా పేట ఆటగాళ్లను మోకాళ్లు చూసి పోల్చుకోవచ్చు, గవ్వలు కోసిన గీతలు ఉండేవి. ఎండాకాలం రేవులోని ఖనిజపు గుట్టల నుంచి ఎర్ర దుమ్ము వచ్చి మేజోళ్లలో చేరేది. ఎన్ని ఉతుకులు ఉతికినా నీళ్లు టీ రంగులోనే ఉండేవి. నెట్లు జాలరిపేట వలలు, కాబట్టి గోల్ పడిన ప్రతిసారీ ఎండుచేపల వాసన గుప్పుమనేది. గోదావరి జిల్లాల నుంచి రేవు పనులకు వచ్చిన కుటుంబాల వాళ్లం సగం, చర్చి వీధి వాళ్లు సగం. ఆదివారం ప్రార్థన ముగిసేదాకా ఆట మొదలయ్యేది కాదు. ఫాదర్‌గారి ప్రసంగం సాగిన కొద్దీ మా బావ గోల్‌లో ఒంటరిగా నిలబడి విసుక్కునేవారు. బంతి పక్కనున్న గెడ్డ కాలువలో పడితే ఎవరు తన్నితే వాళ్లే దిగాలి. ఆ నియమం ఒక్కటే మా క్లబ్బులో ఎవరూ ఎన్నడూ ఉల్లంఘించనిది.

బావా నేనూ కలిసి మూడు రోజులు డైరీలు తిరగేశాం. ఆట ఉన్న ప్రతి పేజీలోనూ నేను ఒక కాగితం ముక్క పెడుతుంటే ఆయన పక్కన కూర్చుని పాత గోల్స్ మళ్లీ ఆపుతున్నారు. మూడో రోజు మధ్యాహ్నం నేను ఒక పేజీ దగ్గర ఆగిపోయాను. ఒక వానాకాలం మా గ్రౌండు తూర్పు గోడ కూలిన సంగతి అది. మేకలు లోపలికి వచ్చి పెనాల్టీ గీత మీద పడుకునేవి. గోడ కట్టే స్తోమత క్లబ్బుకు లేదు. అప్పుడు బావకు ఒక ఉపాయం తోచింది. నా దస్తూరి బాగుంటుందని నాతో అప్పటి మునిసిపాలిటీకి, అంటే ఇప్పటి కార్పొరేషన్‌కే, అర్జీ రాయించారు. తమరి ఆస్తి అయిన ఈ మైదానం గోడ కూలినది, దయతో కట్టించగలరు అని. గ్రౌండు వాళ్లదా అని నేను అడిగితే ఆయన చెప్పిన జవాబు కూడా డైరీలో ఉంది. "గోడ కట్టీదాకా ఆళ్లది. తరవాత మనది."

రెండు నెలలకు జవాబు వచ్చింది. దాన్ని కూడా అక్షరం పొల్లుపోకుండా ఎక్కించుకున్నాను. మీ అర్జీలో పేర్కొన్న మైదానం మా ఆస్తుల జాబితాలో లేదు, గోడ బాధ్యత మీ క్లబ్బుదే అని. ఆ రోజు బావకు వచ్చిన కోపం నాకింకా గుర్తు. "ఆళ్ల గ్రౌండుని ఆళ్లే కాదంతన్నారు, సూసేవా" అని పేటంతా తిరిగి చెప్పారు. అప్పటికి తన అర్జీని తానే నమ్మేశారు. చివరికి గోడ మేమే కట్టాం. పదకొండు ఆదివారాలు పట్టింది. ఆ పదకొండూ డైరీలో ఉన్నాయి, ఎవరు రాళ్లు మోశారో, ఎవరు నడుం నొప్పని వెళ్లిపోయారో పేర్లతో సహా.

పేజీలు రెండూ చదివి వినిపించాక బావ డైరీని తన వైపు లాక్కున్నారు.

"సింపెయ్ బావ."

"ఏది?"

"అర్జీ పేజీ. జవాబు పేజీ ఉంచు."

"జవాబు మొదలవడమే మీ అర్జీలో అని మొదలవుతుంది."

"అయితే ఆ లైను మీద కాఫీ ఒంపెయ్."

బావతో పాటు వచ్చి, గుమ్మంలో చేటతో కూర్చుని బియ్యం ఏరుతున్న అక్క తల ఎత్తకుండానే అంది, "గోల్‌లో ఉన్నప్పుడూ ఇంతే తమ్ముడూ. బంతి లోపలికెల్లిపోయేక కాలితో సున్నం గీత సెరిపీసీవోరు."

ఆయన నవ్వలేదు. "గ్రౌండు పోతే సాయంత్రాలు నాను ఎక్కడికెల్లాల?" అన్నారు, ఎవరినీ చూడకుండా. డెబ్బై ఎనిమిదేళ్ల మనిషి. అంత చిన్న గొంతు ఆయనకు ఉందని నాకప్పటిదాకా తెలియదు. చింపినా ఎవరికీ తెలియదు, నిజమే. కానీ ఒక పేజీ లేని డైరీని ఆధారమని ఎవరి ముందైనా ఎలా పెట్టను? తీసుకెళ్తే రెండు పేజీలూ తీసుకెళ్తాను, లేదంటే ఏదీ వద్దు అన్నాను. ఆయన చెప్పులు వేసుకుని వెళ్లిపోయారు. విచారణ రోజు దాకా నాతో మాట్లాడలేదు.

జోనల్ ఆఫీసులో మా ముందు కూర్చున్న అధికారిణికి మా అమ్మాయి కన్నా తక్కువ వయసుంటుంది. డైరీల సంచి చూసి మొదట భయపడినట్టుంది. ఒకటి తెరిచాక మాత్రం వదల్లేదు. వాన ఎన్ని గంటలకు ఆగిందో కూడా రాశారే అంది. జవాబు పేజీ చదివి, "మా వాళ్లే కాదన్నారా" అని చిన్నగా నవ్వింది. ఆ క్షణంలో మేం గెలిచినట్టే. అక్కడితో ఊరుకుంటే ఆవిడ వెనక పేజీలు తిప్పేదో లేదో నాకు తెలియదు. నేను నోరు తెరిచేలోగా బావ లేచి నిలబడ్డారు.

"దాని ముందు పేజీలు కూడా సదవండి మేడమ్. ఆ అర్జీ రాయించింది నానే."

ఆవిడ వెనక్కి తిప్పి చదివింది. "అప్పుడు మీరు మా స్థలమన్నారు, మేం కాదన్నాం. ఇప్పుడు మేం మాదంటున్నాం, మీరు మీదంటున్నారు. మీరు అప్పుడు రాసింది నిజం కాదా?"

"కాదమ్మా. గోడ కోసం రాయించేను. అది మీదని నానెప్పుడూ అనుకోలేదు. నిజం సెప్పాలంటే మాదనీ అనుకోలేదు. ఆడుకునీవోళ్లం, అంతే."

"గోడ ఎవరు కట్టారు?"

"మేమే కట్టుకున్నాం."

ఆవిడ ఆస్తుల రిజిస్టరు తెప్పించింది. మా గ్రౌండు అందులో ఉంది, ఆ జవాబు వచ్చిన చాలా ఏళ్లకు ఎక్కింది. అయితే ఎలా సంక్రమించింది అని ఉన్న గడి ఖాళీ. నేను కుర్చీలోంచి ముందుకు వంగి మరీ చూశాను. నా ఉద్యోగ జీవితంలో ఎన్నో గడులు నింపాను గాని, ఒక ఖాళీ గడి అంత ఆసక్తిగా ఉంటుందని అనుకోలేదు. నీళ్లు ఎవరివి, నీళ్ల మీద పోసిన బురద ఎవరిది, బురద మీద ఆడిన ఆట ఎవరిది, ఆ చిన్న గడిలో ఇవన్నీ పట్టాలి. రేవు తవ్వినప్పటి మ్యాపులు తెప్పించి, సర్వే చేయించి తేల్చాలని, అప్పటిదాకా షాపులు కట్టరాదని, క్లబ్బు యథాప్రకారం ఆడుకోవచ్చని ఆవిడ ఫైలు మీద రాసింది.

"ఎన్నాళ్లు పడతాది మేడమ్?"

"చెప్పలేనండి. ఏళ్లు పట్టవచ్చు."

మెట్లు దిగుతుంటే బావ నా భుజం పట్టుకున్నారు. మోకాళ్ల నొప్పికి ఆసరా కోసం అనుకున్నాను. "ఏళ్లంట బావ" అన్నారు. ఆ మాట ఫిర్యాదులా లేదు, మిఠాయి పొట్లం చేతికిచ్చినట్టు ఉంది. ఆ సాయంత్రమే గోల్ వెనక కుర్చీ వేసుకుని కూర్చుని, ఆడపిల్లల కీపరును వెలుతురు పోయేదాకా తిడుతూనే ఉన్నారు.

ఆ గడి ఎవరి పేరుతో నిండుతుందో చూడాలని నాకు ఇప్పటికీ ఉంది, చూస్తానన్న నమ్మకం మాత్రం లేదు. ఆవిడ ఫైలు మీద రాసినదాన్ని ఆఫీసులో వాయిదా అంటారు, ఇరవై ఏళ్ల వయసులో అయితే మేమూ అలాగే అనేవాళ్లం. ఎనభైకి దగ్గరపడ్డాక, మాకు మిగిలిన కాలానికి సరిపడా దొరికిన తీర్పు అది.