‘ముగింపు లేదు’ అని రాసిన పుస్తకం

దయ్యాలూ గియ్యాలూ నాకు పడవు. చిత్తూరులో ఒక క్లినిక్‌లో రక్త పరీక్షలు చేసే ఉద్యోగం నాది. పాతికేళ్ళుగా మైక్రోస్కోపుకి కళ్ళు ఆనించి బతుకుతున్నదాన్ని. కనిపిస్తే ఉన్నట్టు, కనిపించకపోతే లేనట్టు. రాత్రి డ్యూటీ నర్సులు వరండాలో ఎవరో నడిచారని చెబుతుంటే నాకు నవ్వు కూడా వచ్చేది కాదు, విసుగొచ్చేది.

అయినా ఇది రాస్తున్నాను. ఆ రోజు నాకు భయం వేయలేదు. కోపం వచ్చింది. ఇప్పటికీ నాలో మిగిలింది ఆ కోపమే.

ముందు మా అమ్మ సంగతి చెప్పాలి. మాది పుత్తూరు. నాయనకు ఊరి బయట మామిడితోట. అమ్మ ఎనిమిదో తరగతి దాకా చదివింది. వారపత్రికలో వచ్చే సీరియల్ అంటే ప్రాణం. వారం వారం ఆ పేజీలు చింపి దాచేది. కథ అయిపోయాక అన్నీ వరుసగా పేర్చి, దబ్బనంతో మూడు చోట్ల పొడిచి, ఆకుపచ్చ దారం రెండు పేటలు వేసి కుట్టేది. మైదా జిగురు ఉడికించి, పురుగు పట్టకుండా అందులో కాస్త మైలుతుత్తం కలిపి, పాత చీర ముక్కతో అట్ట అతికించేది. అప్పట్లో చాలా ఇళ్ళలో ఆడవాళ్ళు చేసిన పనే ఇది. నవలలు కొనుక్కోమని వాళ్ళ చేతిలో ఎవరు డబ్బులు పెట్టారు గనక?

నాకు పదకొండేళ్ళప్పుడు ఒక సీరియల్ ఏడాది పాటు వచ్చింది. అన్నలు తన భూమి లాక్కుంటే కోర్టుకెక్కిన ఒక ఆడమనిషి కథ. ఆఖరి వారం తీర్పు. పత్రిక వచ్చిన పొద్దున అమ్మ పొయ్యి మీద అన్నం పెట్టి, గడపలో కూర్చుని అప్పుడే ఆ పేజీ తెరిచింది. ఇంతలో అన్నం అడుగంటింది.

మాడు వాసనకి నాయన లోపలికొచ్చాడు. అమ్మ చేతిలోంచి పత్రిక లాక్కుని పెరట్లోకి తీసుకుపోయి నీళ్ళ పొయ్యిలో తోసేశాడు. “ఈ కతలేమన్నా కడుపు నింపతాయా?” అన్నాడు. వేణ్ణీళ్ళ కోసం చెంబు పట్టుకుని నేను అక్కడే ఉన్నాను. కాగితాలు ముడుచుకుంటూ కాలిపోవడం నా కళ్ళారా చూశాను. మాడిన అన్నం మాత్రం ఎవరూ పారేయలేదు. ఆ పూట అందరం అదే తిన్నాం, నాయనతో సహా.

వీధి చివర టీచరమ్మ ఇంటికి కూడా అదే పత్రిక వచ్చేది. అడిగి తెస్తానని నేను బయల్దేరితే అమ్మ నా జబ్బ పట్టుకుని ఆపింది.

“నువ్వు తేవద్దు. కాల్సినాయనే తెచ్చియ్యాల.”

మా అమ్మ నోట్లో నాలుక లేని మనిషని ఊరంతా అనుకునేది. ఆమె పంతం ఎవరికి తెలుసు? ఆ పుస్తకం కుట్టేటప్పుడు ఆఖర్న రెండు తెల్ల కాగితాలు పెట్టి కుట్టింది. ఆ వారానికి అది చోటట. నాయన తెచ్చిన రోజు కుట్టు విప్పి మార్చుకుంటుందట. ఇవెందుకని నాయన అడిగితే ఆయన మొహం మీదే చెప్పింది. ఆయన నవ్వి, తువ్వాలు దులుపుకుని తోటకి వెళ్ళిపోయాడు. తర్వాత పన్నెండేళ్ళు బతికింది అమ్మ. టీచరమ్మ ఆ తీర్పేమిటో ఎన్నిసార్లు చెప్పబోయినా చెవులు మూసుకుంది. ఆయన తేలేదు. ఆ కాగితాలు తెల్లగా ఉండగానే అమ్మ పోయింది.

అమ్మ పెట్టెలో ఆ పుస్తకం నేను ఎన్నిసార్లు తీసి చూశానో లెక్కలేదు. ఆ రెండు కాగితాలు తెల్లగానే ఉండేవి. ఈ మాట గుర్తుపెట్టుకోండి.

అమ్మ పోయిన ఆరేళ్ళకి మా తమ్ముడు ఇంటికి రంగులు వేయించాడు. నాయన వాడి దగ్గరే ఉండేవాడు. ఒకరోజు ఫోన్‌లో మాటల మధ్య అమ్మ పెట్టె సంగతి అడిగాను.

“అడ్డముండాదని ఖాళీ చేసినాం క్కా. నాయనే తీసి పాత పేపర్లోడికి ఏసినాడు. అన్నీ పాత కాయితాలే కదా.”

అరికాలి మంట నెత్తికెక్కింది. ఎస్టీడీ బూత్‌లో ఉన్నానని కూడా మర్చిపోయి నోటికొచ్చినట్టు అరిచాను. పన్నెండేళ్ళలో నాలుగు పేజీలు తేవడానికి తీరుబడి లేని మనిషికి, పెట్టె మోసుకుపోయి తూకానికి వేయడానికి మాత్రం ఓపిక వచ్చింది. ఇద్దరితోనూ మాటలు మానేశాను.

రెండు వారాల తర్వాత, నా సర్టిఫికెట్ ఒకటి తెచ్చుకోవడానికి పొద్దున్నే తిరుపతి వెళ్ళాను. బస్సు దిగే సరికి బంద్. ఎవరు పిలిచారో, ఎందుకో నాకు గుర్తులేదు. యూనివర్సిటీ ఆఫీసు మూత. ఆటోలు లేవు. గుండ్లకు గంధం పూసుకున్న యాత్రికులు పిల్లల్ని భుజాన వేసుకుని ఎండలో నడిచిపోతున్నారు. సాయంత్రం ఐదు దాటితే గానీ బస్సులు కదలవన్నారు. నా కర్మ అనుకుంటూ నీడ కోసం రైల్వేస్టేషన్ దగ్గర ఒక సందులోకి తిరిగాను. ఆ సందులో ఒక్క షట్టరే సగం ఎత్తి ఉంది. అది పాత పుస్తకాల అంగడి.

వంగి లోపలికి వెళ్ళాను. అరవై ఏళ్ళ సాయిబు, పేరు బాషా భాయ్, పుస్తకాలను పురికొసతో కట్టలు కడుతున్నాడు. “కూసోమ్మా, ఈ ఎండలో యాడికి పోతావు?” అని స్టూలు చూపించాడు. గైడ్లు, పాత డైజెస్టులు, ఎవరివో నోట్సులు చూసుకుంటూ ఒక గంట గడిపాను. వెనక గోడకి ఒక అర మొత్తం చీర గుడ్డల అట్టలతో నిండి ఉంది. అన్నీ ఇళ్ళలో కుట్టిన సీరియళ్ళే. ప్రతి అట్ట మీదా నీలం పెన్సిల్‌తో ‘ముగింపు ఉంది’ అనో, ‘ముగింపు లేదు’ అనో రాసి ఉంది.

ఏమిటివని అడిగాను.

“సరుకు దించినప్పుడే ఆఖరి పేజీ సూసి రాసేస్తా మా. ముగింపు లేందాన్ని తెలీక కొన్నోళ్ళు మళ్ళా వచ్చి కొట్లాడతారు. ఆడోళ్ళు కుట్టుకున్న బుక్కుల్ని పొట్లాలకి మాత్రం ఇయ్యను. మా అమ్మ కూడా కుడతా ఉండె.”

అంతలో నేరేడుపండు రంగు అట్ట ఒకటి కనబడింది. సన్న జరీ అంచు. అది మా అమ్మ వెంకటగిరి చీర. చేత్తో తాకగానే తెలిసింది. మీద నీలం పెన్సిల్‌తో ‘ముగింపు లేదు’ అని ఉంది.

అత్త మీద కోపం దుత్త మీద చూపించినట్టు ఆ పెద్దాయన మీద విరుచుకుపడ్డాను. ఇది మా అమ్మది, అమ్మకానికి ఎలా పెడతారని అడిగాను. ఆయన కట్టలు కట్టడం ఆపి, “అట్లయితే తీసుకోమ్మా. నేనేమన్నా కాదన్నానా?” అన్నాడు. నాకు సిగ్గేసింది.

ఆ స్టూలు మీదే కూర్చుని మొదటి వారం నుంచి చదవడం మొదలుపెట్టాను. చివర చూడలేదు. అక్కడేముందో నాకు తెలుసు. ఆ తెల్ల కాగితాలు చూస్తే మళ్ళీ ఎవరి మీద అరుస్తానోనని భయం. ఒక పేజీ మీద పోపు నూనె మరక. ఒక పేజీ మీద చిన్నప్పటి మా తమ్ముడు గీసిన పిచ్చి గీతలు. అన్నలు ఆ ఆడమనిషిని పొలం గట్టు మీంచి గెంటేసే చోట కాగితం నలిగి ఉంది. అమ్మ ఆ చోట చాలాసార్లు ఆగి ఉంటుంది. భాయ్ రెండుసార్లు టీ తెప్పించాడు. నేను తలెత్తలేదు.

మధ్యాహ్నం మూడు దాటాక చివరి ముందు వారం అయిపోయింది. పేజీ తిప్పాను.

అక్కడ ఆఖరి వారం ఉంది. రెండు అచ్చు కాగితాలు, నాలుగు పేజీలు. చివర ‘సమాప్తం’.

ముందు నాకు ఒళ్ళు మండింది. ఎవడో అమ్మ కుట్టు విప్పి, తెల్ల కాగితాలు పీకేసి ఇవి దూర్చాడనుకున్నాను. షట్టర్ దగ్గర వెలుతురులోకి పట్టుకెళ్ళి చూశాను. ఆకుపచ్చ దారం ఎక్కడా తెగలేదు, కొత్త ముడి లేదు. ఆ కుట్టు విప్పాలంటే వీపున అతికించిన గుడ్డ చింపాలి. గుడ్డ చెక్కుచెదరలేదు. లోపలంచున ఎండిన మైలుతుత్తం నీలం అలాగే ఉంది. దారం ఆ రెండు కాగితాల్లోంచీ మిగతావాటిలాగే మూడు చోట్ల దూరి వెళ్ళింది. వాటి కింది మూల మాత్రం నల్లగా మాడి ఉంది. ముట్టుకుంటే నా వేలికి మసి అంటింది.

“భాయ్, ఇది ఎవరు పెట్టినారు?” అని అరిచాను.

ఆయన అద్దాలు పెట్టుకుని అట్ట చూశాడు, చివరి పేజీ చూశాడు, మళ్ళీ అట్ట చూశాడు.

“ఈ రాత నాదే మా. పది దినాలు కూడా కాలేదు. ఈడ రెండు తెల్ల కాయితాలుండె. తెల్ల కాయితాలు పెట్టి ఎందుకు కుట్నారబ్బా అనుకున్నా. నాకు బాగా గ్యాపకముండాది.”

తెల్ల కాగితాల సంగతి నేను ఆయనకు చెప్పలేదు. అంగట్లో ఎవరికీ చెప్పలేదు. ఆయన పుస్తకం మూసి నా చేతిలో పెట్టాడు. “తీసుకోని పో మా” అన్నాడు. డబ్బులు ముట్టుకోలేదు.

ఆ నాలుగు పేజీలూ అక్కడే నిలబడి చదివాను. తీర్పు ఏమిటో తెలిసింది.

సాయంత్రం నేను చిత్తూరు బస్సు ఎక్కలేదు. పుత్తూరు బస్సెక్కాను. బహుశా నాయనే ఏదో చేయించి ఉంటాడని ఒక ఆశ. ఆయనే చేయించి ఉంటే నా కోపానికి ఒక దారి దొరికేది. చీకటి పడకముందే ఇంటికి చేరాను. తమ్ముడు పలకరిస్తే పలకలేదు. నాయన వసారాలో మంచం మీద కూర్చుని ఉన్నాడు. అప్పటికే రెండు కళ్ళకూ శుక్లాలు, అక్షరాలు ఆనవు. చివరి పేజీ తెరిచి ఆయన ఒళ్ళో పెట్టాను.

“ఇది నువ్వు పెట్టించినావా నాయనా?”

ఆయన వేళ్ళతో కాగితం తడిమాడు. మాడిన మూల దగ్గర వేలు ఆగిపోయింది.

“ఇది నేను కాల్సింది కదమ్మే. ఈ చేత్తోనే కాల్సినా.”

పద్దెనిమిదేళ్ళలో ఆయన ఆ మాట ఒప్పుకోవడం అదే మొదటిసారి. తర్వాత మెల్లగా అడిగాడు.

“సదివినావా? ఏమైంది? ఆయమ్మ గెలిచిందా?”

ఆయమ్మ ఎవరో, దేని కోసం పోరాడిందో ఈయనకెలా తెలుసు? ఎప్పుడో, ఎవరూ లేనప్పుడు, అమ్మ పెట్టె తెరిచి ఆ పుస్తకం మొత్తం చదివాడు. చదివి కూడా ఆ నాలుగు పేజీలు తేలేదు. చదివి కూడా తూకానికి వేశాడు. కథ తెలియని మూర్ఖుడనుకున్నన్నాళ్ళూ నా కోపం ఇంత లేదు.

“అమ్మకి తెలీకుండా పోయింది. నీకూ వద్దు” అన్నాను. పుస్తకం లాక్కుని వచ్చేశాను. ఆయన చేతిలోంచి లాక్కున్నాను, అచ్చం ఆయన లాక్కున్నట్టే.

మర్నాడు క్లినిక్‌లో ఆ మసిని గాజు పలక మీద వేసి చూశాను. కాలిన కాగితం మసే. అంతకుమించి మైక్రోస్కోపు ఏం చెబుతుంది? పుస్తకాలు కుట్టే ఒకాయనకి చూపిస్తే, ఈ కుట్టు ఒక్కసారే పడింది, విప్పి కుట్టింది కాదన్నాడు. అది నా బీరువాలో ఉంది. ఇన్నేళ్ళలో నాకు తోచిన సమాధానం ఒక్కటీ లేదు. ఎవరైనా ఏదైనా చెబితే వినడానికి సిద్ధమే, కానీ పుస్తకం ముందు చేత్తో పట్టుకుని చూసి చెప్పండి.

నాయన తర్వాత నాలుగేళ్ళు బతికాడు. పండక్కో పబ్బానికో నేను వెళ్ళినప్పుడు, అందరూ లేచి వెళ్ళాక, “ఆయమ్మ గెలిచిందా?” అని అడిగేవాడు. నేను లేచి వంటింట్లోకి పోయేదాన్ని. ఆఖరిసారి ఆసుపత్రిలో అడిగాడు. అప్పుడూ చెప్పలేదు. ఒక్క మాట. ఔననో కాదనో అంటే సరిపోయేది.

ఆయన పోయాక గానీ నాకు ఒకటి తట్టలేదు. ఆ కాగితాలు నా కోసమే వచ్చాయని ఎందుకు అనుకున్నాను? తీర్పేమైందని నేనెప్పుడూ ఎవరినీ అడగలేదు. అడిగింది ఆయన. ఒకవేళ అమ్మే పంపి ఉంటే, పంతం వదిలేసి ఆయనకే పంపి ఉంటే, రెండోసారి కాల్చింది నేనే.