తొందర మాది, సంతకం ఆమెది

డిగ్నాబాద్ నివాసిని, ఫీనిక్స్ బే దగ్గరి సరుకుల ఏజెన్సీలో ఇరవై రెండేళ్ళు గుమాస్తాగా పనిచేసిన శాంతకుమారి గారు గత శుక్రవారం ప్రభువు సన్నిధికి చేరారు. రంగత్‌లో దుకాణం తెరుస్తుండగా ఫోనులో ఈ దుర్వార్త విని, తీసిన తాళం మళ్ళీ వేసి బస్సెక్కాను.

నేను బేరాల ఇంట పుట్టినవాణ్ణి. ఉప్పు పొట్లానికైనా ధర తగ్గించనిదే మా నాన్నకు అన్నం సయించేది కాదు. ఆమె ముందు మాత్రం నా విద్యలేవీ పారేవి కావు. చెన్నై నుంచి ఈ దీవులకు ఓడలో వచ్చే మా సరుకుల జాబితా మెయిల్‌లో ఆమె బల్ల మీదికే చేరేది. చెన్నైకి ఫోన్ చేసి, “మీరే పంపారా?” అని అడిగాకే తెరిచేవారు. మేము గొణిగితే ఒకటే మాట: “తొందర మీది, సంతకం నాది.”

ఒక ఉదయం మెయిల్ వచ్చింది గానీ, చెన్నై ఫోను కలవలేదు. నా క్రిస్మస్ సరుకు ఓడ ఎక్కిందో లేదో తెలియక నేను ఆమె బల్లకు అతుక్కుపోయాను.

“పేరు వాళ్ళదే కదా దీదీ, తెరిచెయ్.”

“అరగంట ఆగు సేట్‌జీ. లైన్ కలవనీ.”

“నా బస్సు వెళ్ళిపోద్ది. పది నిమిషాలు.”

“ఇది బజారు కాదు భయ్యా.”

“పోనీ అయిదు. ఇదే ఆఖరు రేటు!”

ఆమె నవ్వేశారు. ఆ నవ్వులోనే మౌసు నొక్కారు. నేను నెగ్గిన బేరాలన్నిటిలో నీచమైనది అదే.

తెర నల్లబడింది. ఆఫీసులోని కంప్యూటర్లన్నీ ఒకదాని వెనక ఒకటి మూగబోయాయి. అన్నిటికీ తాళం వేశామనీ, డబ్బిస్తేనే విప్పుతామనీ ఊరూ పేరూ లేని దొంగలు రాసిన నాలుగు పంక్తులే మిగిలాయి. గోదాములో ఎవరి పెట్టె ఏదో చెప్పే దిక్కు లేదు. మూడు వారాలపాటు ఆ సాధ్వి బడిపిల్లల నోటుపుస్తకం పట్టుకుని, కుళ్ళిన ఉల్లి కంపులో పెట్టె పెట్టె దగ్గరా మోకరిల్లారు. “ఇది మాయాబందర్ మందుల షాపుది. ఇన్సులిన్ ఉంది, జల్దీ పంపండి!” అని కేవలం జ్ఞాపకశక్తితో ఎన్ని ప్రాణాలకు ఆసరా అయ్యారో!

ఎవరు తొందరపెట్టారని విచారణలో అడిగారట. “నేనే తెరిచాను,” అన్నారట. ఆమె బయటికి రాగానే నేనడిగింది ఆమె క్షేమం కాదు.

“దీదీ, నా పేరు చెప్పావా?”

“చెప్తే నీ సరుకు ఆపేస్తారు కదయ్యా. పిల్లల్ని ఎలా చదివిస్తావ్? పో, బస్సు అందుకో.”

నా ప్రాణం కుదుటపడింది. వెళ్ళి బస్సెక్కాను.

నిర్లక్ష్యమని రాసిన ఉత్తరం చేతిలో పెట్టి ఆమెను పంపేశారు. తర్వాతొకరోజు జెట్టీ టికెట్ల వరుసలో ఆమె కనబడగానే మా వర్తకుడొకడు, “వైరస్ దీదీ ఆయీ హై! ఫోన్లు దాచుకోండ్రా!” అని అరిచాడు. అందరూ నవ్వారు. నవ్వకపోతే అనుమానిస్తారని నేనూ నవ్వాను. ఆమె నావైపు ఒక్కసారి చూసి, తల తిప్పుకున్నారు. ఆ తర్వాత చర్చిలో పాట ఎత్తుకోవడం మానేసి, చివరి బెంచీలో కూర్చునేవారట. ఫోను మోగితే ఉలిక్కిపడేవారట. డాక్టర్లు గుండెపోటన్నారు. కాదనడానికి నేనెవణ్ణి?

సమాధి దగ్గర నా పక్కాయన గొంతు తగ్గించి, “మంచి మనిషే. కానీ ఆఫీసును ముంచింది ఈవిడేగా,” అన్నాడు. గుప్పిట్లో మట్టి పట్టుకుని నిలబడ్డ నాకు అప్పుడు కూడా నోరు పెగల్లేదు. అందుకే ఇది రాస్తున్నాను.

అంతటి నిష్ఠాగరిష్ఠురాలు ఆ బల్ల వెనక మళ్ళీ కూర్చోరు. ఆమె పావన స్మృతికి నేను అర్పించగలిగింది ఇదొక్కటే. దీదీ, ఆ తొందర నాది. ఈ సంతకమూ నాదే.

అప్పలరాజు,
స్టీలు సామాన్ల దుకాణం, రంగత్ బజారు