మూడో రిసీవరు

డేవిడ్ రాజు పదిహేడేళ్లు సైన్యంలో ఫోను తీగలు లాగాడు. పింఛను పుచ్చుకుని, నూజివీడు నుంచి విస్సన్నపేట పోయే దారిలో ఉన్న తన మామిడి తోటకు తిరిగొచ్చినప్పుడు, యుద్ధం కబుర్లు చెబుతాడని ఊళ్లోవాళ్లు చుట్టూ చేరారు. చెప్పడానికి అతని దగ్గర ఏమీ లేవు. రెండు చుట్టల తీగ, సైన్యం పాత సామాను వేలంలో కొన్న మూడు ఫోన్లు మాత్రం ఉన్నాయి.

అది 1985. ప్రభుత్వం వారి ఫోనుకు అర్జీ పెట్టుకున్నవాళ్లు తమ కాలంలో కాకపోయినా పిల్లల కాలంలోనైనా గంట మోగకపోతుందా అని సరిపెట్టుకునే రోజులు. డేవిడ్ రాజు ఎవరికీ అర్జీ పెట్టలేదు. ఇల్లు తోట మొదట్లోనే. సొంత కంచె వెంబడి సొంత తీగ లాగి, ఒక ఫోను ఇంటి ముందుగదిలో, ఒకటి తోట చివర కాపలా పాకలో, మూడోది మోటారు షెడ్డులో పెట్టాడు. పక్కనున్న పిడి గిరగిర తిప్పితే మిగతా చోట్ల గంట మోగుతుంది. ఒకసారి మోగితే ఇంటికి, రెండుసార్లు పాకకు, మూడుసార్లు షెడ్డుకు. రిసీవరు మధ్యలో ఉన్న మీట నొక్కితేనే మన మాట అవతలికి పోతుంది; వదిలేస్తే వినడమే. అందుకని మాట పూర్తికాగానే 'ఓవర్' అనాలి. నెల తిరక్కుండా ఆ ఓవరు అన్నాల దాకా వచ్చింది. "పప్పు అయిపోయింది, చారు పోసుకోండి, ఓవర్" అనేది భార్య రిబ్కమ్మ.

ఫోన్లు బిగించిన రోజునే పిల్లలిద్దర్నీ నిలబెట్టి పాఠం చెప్పాడు. లేయాకు అప్పుడు పదిహేనేళ్లు, గిద్యోనుకు పదమూడు.

"మూడింటికీ ఒకటే లైను. ఇద్దరు మాట్లాడుతుంటే మూడోవాళ్లు ఎత్తకూడదు. ఎత్తితే ఆ ఉన్న కాస్త బ్యాటరీ కరెంటునీ ముగ్గురూ పంచుకోవాలి. మాట పలచబడిపోద్ది."

గిద్యోను ఆవలించాడు. లేయా మాత్రం, "ఎంత పలచబడుద్ది నాన్నా?" అని అడిగింది. ఆ ప్రశ్న అతనికి గుర్తుండి ఉంటే బాగుండేది.

పక్క తోట గంగరాజుకు ఈ ఏర్పాటు గిట్టలేదు. "ఈడొచ్చిన పిల్లల చేతికి ఫోను ఇస్తారా ఎవరన్నా? చెడిపోరూ?"

"ఉన్నవి మూడు ఫోన్లండీ గంగరాజు గారూ. చెడిపోదామనుకున్నా అవతల ఉండేది సొంత తమ్ముడే."

"ఏమో బాబూ. నా బాధ్యతగా నేను చెప్పాను."

బాధ్యతగా చెప్పేవాళ్లు ఆ ప్రాంతంలో మామిడి కాపు లేని ఏడు కూడా విరగకాస్తారు. డేవిడ్ రాజు నవ్వి ఊరుకున్నాడు.

మరుసటి వేసవికి ఆ నవ్వు తగ్గింది. లేయా పదో తరగతి ఫస్టు క్లాసులో పాసైంది. బెజవాడలో పాలిటెక్నిక్‌లో చేరతాను, ఎలక్ట్రానిక్స్ చదువుతాను, హాస్టల్లో ఉంటాను అంది. "సోల్డరింగు పొగ పీల్చడానికి ఆడపిల్లవి నువ్వే దొరికావా? నూజివీడులో ఇంటరు చదువు. ఆ తర్వాత మీ అమ్మలాగా టీచరు ట్రైనింగు" అన్నాడతను. అన్నది ఒక్కసారే. సైన్యంలో ఆర్డరు రెండోసారి చెప్పరు. లేయా కూడా రెండోసారి అడగలేదు. అప్పట్నుంచి ఇంట్లో ఆ పిల్లకు మిగిలిన మాటలు మూడు: ఊ, ఆ, తెలీదు.

ఒక మధ్యాహ్నం కొత్త అంటుమొక్కలకు నీళ్లు పెట్టడానికి షెడ్డుకు వచ్చాడు. కరెంటు లేదు. పాకలో రసాలకు కాపలా ఉన్న కొడుకును పిలుద్దామని రిసీవరు ఎత్తితే, లైన్లో లేయా నవ్వుతోంది. ఇంట్లోంచి తమ్ముడితో మాట్లాడుతూ, ఊపిరాడకుండా పడీ పడీ నవ్వుతోంది. ఆ నవ్వు విని నెల దాటింది. డేవిడ్ రాజు మీట నొక్కలేదు. ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు. రెండు క్షణాల్లో నవ్వు ఆగిపోయింది.

"అక్కా, చర్చిలో యువజన కూటానికి బైబిలు వాక్యాలు కంఠతా వచ్చాయా? ఓవర్."

"సగం వచ్చాయి తమ్ముడూ. మిగతావి ప్రార్థన చేసుకుని చదువుతాను. ఓవర్."

మర్నాడు గంట రెండుసార్లు మోగగానే మళ్లీ ఎత్తాడు. ఆ తర్వాత అది రోజువారీ అయిపోయింది. రోజూ రెండు క్షణాల నవ్వు, వెనకే సద్బుద్ధి. "పాపం నాన్న ఎండలో ఒక్కరే కష్టపడుతున్నారు" అంటుంది అక్క. "అవునక్కా, మనం ఇంకా క్రమశిక్షణగా ఉండాలి" అంటాడు తమ్ముడు. పద్నాలుగేళ్ల పిల్లాడు తనంతట తానే క్రమశిక్షణ కావాలన్నాడంటే ఎవరికైనా అనుమానం రావాలి. తండ్రికి రాలేదు. పొంగిపోయి గంగరాజుతో చెప్పేశాడు.

"ఫోను పిల్లల్ని చెడగొట్టుద్దన్నారు. మావాళ్లు దైవవాక్యం తప్ప మాట్లాడరండీ."

"మీకెలా తెలుసు?" అన్నాడు గంగరాజు.

డేవిడ్ రాజు ఒక రసం కాయ అతని చేతిలో పెట్టి మాట మార్చాడు. నిజానికి అతనికి కావలసింది వాక్యాలు కావు. మొదటి రెండు క్షణాల ఆ నవ్వు. దానికోసం సొంత తోటలో దొంగలా నిలబడుతున్నాడు.

ఒక శుక్రవారం మధ్యాహ్నం గంట రెండుసార్లు మోగాక ఎత్తేసరికి నవ్వు లేదు. లేయా తమ్ముడికి పాఠం చెబుతోంది.

"ఇద్దరమే ఉన్నప్పుడు నీ మాట గట్టిగా వినబడుద్ది కదా. మూడో రిసీవరు ఎత్తగానే పలచబడుద్ది. ఇదిగో, ఇప్పుడే పలచబడింది, చూశావా? ఓవర్."

"చూశానక్కా. ఓవర్." పిల్లాడి గొంతు వణికింది, భయంతోనో, నవ్వాపుకోలేకో.

"అంటే షెడ్డులో ఎవరో ఎత్తారన్నమాట. నాన్నా, వందనాలు. ఓవర్."

డేవిడ్ రాజు రిసీవరు పెట్టబోయి ఆగాడు. పెట్టేస్తే లైను మళ్లీ గట్టిపడుతుంది, పెట్టేసిన సంగతి తెలిసిపోతుంది. పెట్టకపోతే ఉన్న సంగతి తెలుస్తూనే ఉంది. పదిహేడేళ్ల సర్వీసులో ఇంత ఇరుకున ఎప్పుడూ పడలేదు.

"మీరేం మాట్లాడక్కర్లేదు నాన్నా, వినండి చాలు." ఈసారి లేయా గొంతులో వెటకారం లేదు. "మొదటి రోజు నుంచీ మీరు ఎత్తినప్పుడల్లా మాకు తెలుసు. అమ్మకు చెప్పలేదు. పాలిటెక్నిక్ ఫారం నింపాను. మీ సంతకం ఒక్కటే తక్కువ. ఇవాళ నాలుగింటికి టపా కట్టేస్తారు. అది దాటితే ఈ ఏటికి ఇక లేదు. మీ మొహం చూసి అడగడం నా వల్ల కాలేదు, అందుకే ఇక్కడ అడుగుతున్నాను. వద్దంటే మానేస్తాను. కానీ ఎందుకు వద్దో చెప్పి వద్దనండి. ఓవర్."

ఎందుకు వద్దో అతను వెతికాడు. పొగ అన్నాడు, ఆ పొగ తను పదిహేడేళ్లు పీల్చి నిక్షేపంలా ఉన్నాడు. ఆడపిల్ల అన్నాడు, సర్వీసులో మగపిల్లలకు వారం రోజులు నేర్పినా చెవికెక్కని సంగతిని ఈ పిల్ల ఒక్క మాట విని పట్టేసింది. పట్టేసి కూడా ఇన్నాళ్లూ తండ్రి పరువు కాపాడింది. ఇక మిగిలింది ఒక్కటే. ఆ పిల్ల వెళ్లిపోతే లైన్లో ఆ నవ్వు ఉండదు. అది బాధే గానీ కారణం కాదు.

మీట నొక్కాడు. "గిద్యోనూ, నువ్వు ఫోను పెట్టెయ్. ఓవర్."

"నేనేం చేశాను నాన్నా? ఓవర్."

"ఏం చెయ్యలేదురా. నా మాట మీ అక్కకు గట్టిగా వినబడాలి. పెట్టెయ్."

ఠక్కున చప్పుడైంది. లైను గట్టిపడింది.

"అమ్మాయ్, తప్పు నాది. దొంగచాటుగా విన్నాను. ఫారం పట్టుకుని రోడ్డు మీదకు రా. సైకిలేసుకుని వస్తున్నాను. పెన్ను మర్చిపోకు. ఓవర్."

అవతల మీట నొక్కిన చప్పుడైంది. "నీలం సిరా పెన్నా, నల్లదా? ఓవర్."

సైకిలు సీటు మీద ఫారం పెట్టి సంతకం చేశాడు. నాలుగింటికి ఇంకా పావుగంట ఉండగానే పోస్టాఫీసులో ఇచ్చి వచ్చారు. దారిలో ఇద్దరూ పెద్దగా మాట్లాడుకోలేదు. ఫోను లేకుండా మాట్లాడుకోవడం ఇద్దరికీ ఇంకా అలవాటు కాలేదు.

ఆ ఆదివారం చర్చిలో దేవుడు చేసిన మేళ్లకు సాక్ష్యాలు చెప్పమన్నప్పుడు డేవిడ్ రాజు లేచాడు. పంట గురించి చెబుతాడని అంతా అనుకున్నారు. "దేవునికి అందరూ వందనాలు చెబుతున్నారు కదా. నేను మా పిల్లలకు వందనాలు చెబుతున్నాను. చెయ్యకూడని పని చేస్తూ దొరికిపోయాను. వాళ్లు నన్ను అల్లరి చెయ్యలేదు" అని కూర్చున్నాడు. ఆ పని ఏమిటో తెలియక పాస్టరు గారు కంగారుగా పాట ఎత్తుకున్నారు. ఇంటికెళ్లాక రిబ్కమ్మ వదలకుండా అడిగింది, చెప్పక తప్పలేదు.

సీటు వచ్చింది. వెళ్లేముందు లేయా మిగిలిన తీగ చుట్ట అడిగింది. అతను చుట్టా, తన సోల్డరింగు సామానూ తెచ్చి ముందు పెట్టాడు. రెండు రోజులు అక్కా తమ్ముడూ కంచె వెంట తిరిగారు. ఆ తర్వాత, ఎవరు రిసీవరు ఎత్తినా మూడు చోట్లా ఒక చిన్న టార్చి బల్బు వెలగడం మొదలైంది. షెడ్డుకు ఒకటి, పాకకు ఒకటి, ఇంటికి ఒకటి, పక్కపక్కనే మూడేసి బల్బులు.

గంగరాజు వచ్చి చూశాడు. "దీనివల్ల లాభం?"

"లైన్లో ఎవరున్నారో అందరికీ తెలుస్తుందండీ."

"అయితే ఇక ఎత్తి వినడంలో లాభమేముంది?" అన్నాడు గంగరాజు నిరాశగా.

లేయా బస్సెక్కి వెళ్లిన పదిహేను రోజులకు, షెడ్డులో రెండు బల్బులు వెలిగాయి. డేవిడ్ రాజు ఎత్తాడు. మూడోదీ వెలిగింది.

"నాన్న కూడా వచ్చారమ్మా. ఓవర్," అన్నాడు పాకలోంచి గిద్యోను.

"రానీ. ఏవండీ, అమ్మాయి ఉత్తరం రాసింది. చదువుతున్నాను, వినండి," అంది రిబ్కమ్మ ఇంట్లోంచి. "'హాస్టల్లో వార్డెను గారి ఫోను మోగితే ఎత్తాను. ఆవిడ లేరండీ, ఓవర్ అన్నాను. అప్పట్నుంచి ఇక్కడ అందరూ నన్ను ఓవర్ అనే పిలుస్తున్నారు.' ఓవర్."

ముగ్గురూ ఎత్తారు కాబట్టి మాట పలచగానే వినబడింది. డేవిడ్ రాజు రిసీవరును చెవికి గట్టిగా అదుముకున్నాడు. నవ్వు తన్నుకొచ్చింది. ఈసారి మీట నొక్కే నవ్వాడు.