జాజు చిలుకలు

నిన్న జనగామ అంగట్లో తడిసిన జాజు వాసన తగిలింది. గడపలకు, గోడలకు ఆ ఎర్రమట్టి పూసిన ఇళ్లలో పెరిగినవాళ్లు ఇక్కడ ఎవరైనా ఉన్నారా? ఆ వాసన చేతులను ఎన్నాళ్లు వదలదో మీకు చెప్పనక్కర్లేదు.

రంగులంటే పండక్కి, ముచ్చటకు అనుకునేదాన్ని, ఆ రోజు దాకా.

ఉద్యమం రోజుల్లో అన్న అదే జాజుతో మా గోడ మీద ‘జై తెలంగాణ’ అని పెద్దగా రాసి బంద్‌కు వెళ్లాడు. పోలీసులు ఊళ్లోకి వస్తున్నారనగానే అమ్మ పేడనీళ్లతో గోడ రుద్దింది. రాత పోలేదు. అమ్మకు చదువు రాదు. సున్నం గిన్నె పట్టుకుని నన్ను గోడ దగ్గరికి లాక్కొచ్చింది.

“ఏడ గీత కలిపితే అక్షరం పోతది? జల్ది చెప్పు బిడ్డా!”

నేను చూపిన చోటల్లా అక్షరాలకు ముక్కు పెట్టింది, తోక పెట్టింది, రెక్కల మీద సున్నం చుక్కలు పెట్టింది. గోడ నిండా చిలుకలు వాలాయి. అంత అందమైన బొమ్మ అమ్మ మళ్లీ ఎన్నడూ వేయలేదు.

అంతలో పక్కింటి యాకూబ్ మామ ఉరికొచ్చాడు.

“అక్కా, పిలగాన్ని బస్టాండ్ కాడనే జీపెక్కించిండ్రు!”

అమ్మ వెనక్కి తిరగలేదు. వేలితో ఇంకో చుక్క పెట్టింది.

“ఇగ రాత కనవడ్తలేదు గదా బిడ్డా? ఇగ ఇడిసిపెడ్తరు గదా?”